పేరు దాచి చదివిన స్కోరుకార్డు: 2023 ఫ్లోరిడా స్టేట్ కేసు

నా ఉద్యోగం లోన్ మోడళ్లను తనిఖీ చేయడం. ఇంటికో కారుకో ఎవరైనా అప్పుకు అప్లై చేస్తే కంప్యూటర్ ఒక స్కోరు ఇస్తుంది. ఆ స్కోరు ఎవరికైనా అన్యాయం చేస్తోందా అని చూసి రిపోర్టు రాస్తాను. అట్లాంటా దగ్గర ఏళ్ల తరబడి ఇదే పని. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఆఫీసు కేసు కాదు. 2023 డిసెంబరు 3, ఆదివారం మధ్యాహ్నం, మా ఇంట్లో టీవీ ముందు మొదలైన కేసు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఎమ్మెస్ చదివింది టాలహసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో. మా బావ చదివింది టస్కలూసాలో, అలబామా యూనివర్సిటీలో. కాబట్టి ఈ కేసులో నాకూ ఒక పక్షం ఉంది. తనిఖీ చేసేవాళ్లు ఈ సంగతి మొదటి పేజీలోనే రాయాలని మా పనిలో నియమం. అందుకే ఇక్కడే రాస్తున్నాను.

ఆ రోజు అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు నాలుగు జట్లను ప్రకటిస్తున్నారు. మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్ పేర్లు వచ్చాయి. నాలుగో పేరు అలబామా. బావ కుర్చీలోంచి లేచి అరిచాడు. నా చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉండిపోయింది. పదమూడు ఆటలు ఆడి పదమూడూ గెలిచిన ఫ్లోరిడా స్టేట్ ఐదో స్థానంలో ఆగిపోయింది. పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒక దానికి ఛాంపియన్ అయి, ఒక్కసారి కూడా ఓడకుండా, ప్లేఆఫ్‌లోకి రాని జట్టు అంతకుముందు లేదు.

బావ కాసేపటికి నా వైపు తిరిగాడు. "ఏరా, అన్యాయం అంటావా?"

"ఇప్పుడే ఏమీ అనను బావా. లెక్క చూసి చెప్తాను."

ఆట సంగతి అంతగా తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. అమెరికాలో పైస్థాయి కాలేజీ జట్లు 130కి పైనే. ఒక్కో జట్టు సీజన్లో పన్నెండు ఆటలే ఆడుతుంది, కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌కు వెళ్తే ఇంకొకటి. అందరూ అందరితో ఆడటం జరిగే పని కాదు. అందుకే జట్లు కాన్ఫరెన్సులుగా విడిపోయి ఎక్కువ ఆటలు తమలో తామే ఆడుకుంటాయి. ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ. అలబామా, జార్జియా, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) అందులోవే. ఫ్లోరిడా స్టేట్ ఉండేది ఏసీసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో. 2014 నుంచి 2023 సీజన్ వరకు పదమూడు మంది సభ్యుల కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేసేది. ఆ పదేళ్లలో ప్రతి ఏడాదీ ప్లేఆఫ్‌లో కనీసం ఒక జట్టు ఉన్న కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ ఒక్కటే. 2017లోనూ 2021లోనూ రెండేసి జట్లు. "ఎస్‌ఈసీ బయాస్", అంటే ఎస్‌ఈసీ పట్ల పక్షపాతం, అన్న మాట అలాంటి లెక్కల్లోంచే పుట్టింది. మిగతా దేశమంతా ఆ మాట అంటుంది, దక్షిణాది వాళ్లు మాత్రం ఒప్పుకోరు.

పదేళ్లలో ఆరు టైటిళ్లు ఎస్‌ఈసీ జట్లవే అన్నది బావ వాదన. ఎన్నిసార్లు పిలిచారన్నది కాదు, పిలిచాక ఏం చేశారన్నది చూడాలంటాడు. అందులో న్యాయం ఉంది. అంతకుముందు, రెండే జట్లను ఎంచి ఫైనల్ ఆడించిన బీసీఎస్ పద్ధతి రోజుల్లో కూడా 2006 నుంచి 2012 వరకు వరుసగా ఏడు టైటిళ్లు ఎస్‌ఈసీకే వెళ్లాయి. ఫిర్యాదు ఒక్క వైపే లేదు కూడా. 2004లో ఎస్‌ఈసీకే చెందిన ఆబర్న్ ఒక్క ఆటా ఓడకపోయినా ఫైనల్‌కు పిలుపు రాలేదు, యూఎస్‌సీ, ఓక్లహామా ఆడాయి. 2011లో సంగతి అడ్డం తిరిగింది. సొంత మైదానంలో ఎల్‌ఎస్‌యూ చేతిలో 9–6తో ఓడిన అలబామాకు మళ్లీ అదే ఎల్‌ఎస్‌యూతో ఫైనల్ ఆడే అవకాశం ఇచ్చారు. ఓక్లహామా స్టేట్ బయట ఉండిపోయింది. అలబామా ఆ ఫైనల్‌ను 21–0తో గెలిచింది. గెలిచింది కాబట్టి పిలవడం సరైనదే అన్నారు. ఈ తర్కం సంగతి తర్వాత చెప్తాను, నా పనిలో రోజూ ఎదురయ్యే పొరపాటు అందులోనే ఉంది.

పేరు తీసేసిన కాగితం

తనిఖీలో నేను మొదట చేసేది పేర్లు దాచడం. ఏ4 కాగితం మీద మూడు వరుసలు ప్రింట్ తీశాను. జట్టు "అ": 13 గెలుపులు, ఓటమి లేదు, కాన్ఫరెన్స్ ఛాంపియన్, కమిటీ ఆఖరి జాబితాలో 13, 15, 22 స్థానాల్లో ఉన్నవాళ్లను ఓడించింది. జట్టు "ఆ": 12 గెలుపులు, ఒక ఓటమి, ఛాంపియన్, 6, 11, 13, 21 స్థానాల వాళ్లను ఓడించింది, సొంత మైదానంలో పది పాయింట్ల తేడాతో ఓడింది. జట్టు "ఇ": 12 గెలుపులు, ఒక ఓటమి, ఛాంపియన్, జట్టు "ఆ"ను దాని ఇంటికెళ్లి ఓడించింది, పన్నెండో స్థానం జట్టు చేతిలో నాలుగు పాయింట్లతో ఓడింది. మిషిగన్, వాషింగ్టన్ ఇద్దరూ 13–0, వాళ్ల మీద ఎవరికీ పేచీ లేదు. అంటే మూడు వరుసల్లో ఇద్దరికే చోటుంది.

బావకు చూపిస్తే లాభం లేదు, చూడగానే పోల్చేస్తాడు. అక్కకు ఇచ్చాను. అక్క ఫుట్‌బాల్ చూడదు. పెన్ను తీసుకుని "అ" చుట్టూ సున్నా చుట్టి, "ఇ" చుట్టూ ఇంకో సున్నా చుట్టింది. "ఓడిపోని వాళ్లను ఎలా తీసేస్తారు? మిగిలిన ఇద్దరిలో గెలిచినవాళ్లదే పైచేయి" అంది.

కాగితం వెనక ఇంకో వాక్యం ఉంది: "జట్టు అ ప్రధాన ఆటగాడు చివరి వారాల్లో కాలికి దెబ్బ తగిలి సీజన్‌కు దూరమయ్యాడు." అక్క తిప్పి చదివింది. "అతను లేకుండా ఎన్ని ఆడారు?" "పూర్తిగా లేకుండా రెండు." "గెలిచారా?" "రెండూ." "మరి ఇంకేం చూపించాలి వాళ్లు?" అంది. సున్నా మార్చలేదు.

అప్పుడు చివరిగా కాన్ఫరెన్స్ పేర్లు రాశాను. "ఆ" పక్కన ఎస్‌ఈసీ, "అ" పక్కన ఏసీసీ. అక్క పెన్ను ఆగింది. "ఎస్‌ఈసీ అంటే మీ బావ వాళ్లదే కదా. అది గట్టిదని అందరూ అంటుంటారు. అయితే వీళ్లు ఆడినవి కష్టమైన ఆటలేమో" అంది.

ఒక్క మనిషి మాట రుజువు కాదు. కానీ నేను ఆ క్షణాన్ని మర్చిపోలేను. ఒక్క ఆట కూడా చూడని మనిషికి కాన్ఫరెన్స్ పేరు ఒక సమాచారంలా పనిచేసింది. మా పనిలో దీనికి సరిగ్గా సరిపోయే వస్తువు ఒకటి ఉంది. అది జిప్‌కోడ్, మన పిన్‌కోడ్ లాంటిది. అప్పుల మోడల్లో మనిషి జాతి, రంగు వాడకూడదు, చట్టం ఒప్పుకోదు. ఎవరూ వాడరు కూడా. కానీ అమెరికాలో ఎవరు ఏ పేటలో ఉంటారన్నది పాత వివక్షే నిర్ణయించింది. అందుకే జిప్‌కోడ్ పెడితే చాలు, తీసేశామనుకున్నది వెనక తలుపు నుంచి వచ్చేస్తుంది. దానికి ఎవరి మనసులోనూ చెడు ఉండనక్కరలేదు. కమిటీ గదిలో ఎవరైనా ఎస్‌ఈసీ కోసం కుట్ర పన్నారని నేను అనుకోను. కాన్ఫరెన్స్ పేరు జిప్‌కోడ్‌లా పనిచేసిందా అన్నదే నా ప్రశ్న.

పది ఆటలు

ఇక్కడ ఒక్క లెక్క అర్థం చేసుకోవాలి. ఒక కాన్ఫరెన్స్ తనలో తాను ఆడుకునే ప్రతి ఆటలో ఒక గెలుపు, ఒక ఓటమి. మొత్తం కలిపితే ఎప్పుడూ సగానికి సగం. ఆ ఆటలు ఎన్ని చూసినా కాన్ఫరెన్స్‌లో ఎవరు గట్టి అన్నది తెలుస్తుంది కానీ, కాన్ఫరెన్సే గట్టిదా అన్నది తెలియదు. అది తేల్చేవి బయటివాళ్లతో ఆడినవే. అవి బాగా తక్కువ, అందులోనూ చాలావరకు చిన్న జట్లతో.

2023లో ఎస్‌ఈసీ, ఏసీసీ జట్లు డిసెంబరు ఎంపిక లోపల ఒకరితో ఒకరు పది ఆటలు ఆడాయి. వాటిని ఒక పేజీలో చేత్తో రాసుకున్నాను. ఫ్లోరిడా స్టేట్ ఎల్‌ఎస్‌యూను 45–24తో ఓడించింది. నార్త్ కరోలినా సౌత్ కరోలినాను 31–17తో, మయామీ టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ను 48–33తో, వేక్ ఫారెస్ట్ వాండర్‌బిల్ట్‌ను 36–20తో, క్లెమ్సన్ సౌత్ కరోలినాను 16–7తో, ఫ్లోరిడా స్టేట్ ఫ్లోరిడాను 24–15తో ఓడించాయి. అటువైపు టెనసీ వర్జీనియాను 49–13తో, ఓల్ మిస్ జార్జియా టెక్‌ను 48–23తో, జార్జియా అదే జార్జియా టెక్‌ను 31–23తో, కెంటకీ లూయివిల్‌ను 38–31తో గెలిచాయి. మొత్తం ఏసీసీ 6, ఎస్‌ఈసీ 4.

దీన్ని పట్టుకుని ఏసీసీయే గొప్పదని నేను అనను. పది ఆటలు చాలా తక్కువ. ఓడిన వాండర్‌బిల్ట్ ఆ ఏడాది రెండే ఆటలు గెలిచిన జట్టు. కానీ ఒక మాట మాత్రం ఖాయంగా అనగలను: ఆ ఏడాది ఎస్‌ఈసీ ఏసీసీకన్నా ఎంతో పైన ఉందని చెప్పే సాక్ష్యం మైదానంలో లేదు. ఉన్నది గత ఏళ్ల పేరు. అలబామా ఓడింది కూడా బయటి జట్టు చేతిలోనే. సెప్టెంబరు 9న టస్కలూసాలో టెక్సస్ 34–24తో గెలిచింది, అప్పటికి టెక్సస్ ఉన్నది బిగ్ 12 అనే వేరే కాన్ఫరెన్స్‌లో.

అలబామాకూ ఫ్లోరిడా స్టేట్‌కూ ఆ ఏడాది ఉమ్మడి ప్రత్యర్థి ఒక్కటే, ఎల్‌ఎస్‌యూ. ఫ్లోరిడా స్టేట్ ఓర్లాండోలో 21 పాయింట్ల తేడాతో గెలిచింది. అలబామా సొంత మైదానంలో 42–28తో గెలిచింది, అందులోనూ ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి బంతి విసిరే ప్రధాన ఆటగాడు) జేడెన్ డేనియల్స్ చివరి క్వార్టర్లో దెబ్బ తగిలి బయటికెళ్లాడు. కమిటీ రాతపూర్వక నియమాల్లో ఉమ్మడి ప్రత్యర్థుల పోలిక ఒక అంశం. ఆ అంశంలో ఫ్లోరిడా స్టేట్‌దే పైచేయి.

ఇక ర్యాంకుల చక్రం గురించి. 2023 ఆగస్టులో, ఒక్క ఆట ఆడకముందే, పాత్రికేయులు ఓటేసే ఏపీ పోల్లో జార్జియా 1, అలబామా 4, ఎల్‌ఎస్‌యూ 5, ఫ్లోరిడా స్టేట్ 8. సీజన్ మొదలుకాకముందే ర్యాంకులిచ్చే పోల్స్‌ను వాడకూడదని కమిటీకి నియమం ఉంది. మంచి నియమం. కానీ తొలి కమిటీ ర్యాంకింగ్ వచ్చేసరికి అక్టోబరు 31. అప్పటికి రెండు నెలలుగా సభ్యులు కూడా మనలాగే టీవీ స్క్రీన్ మీద జట్టు పేరు పక్కన ఆ అంకె చూస్తూనే ఉన్నారు. పై ర్యాంకు జట్టు చేతిలో ఓడితే "మంచి ఓటమి", దాన్ని గెలిస్తే "పెద్ద గెలుపు". కాన్ఫరెన్స్‌లో పై ర్యాంకులు ఎక్కువ ఉంటే మంచి ఓటములూ పెద్ద గెలుపులూ అక్కడే తిరుగుతుంటాయి.

బీసీఎస్ రోజుల్లో వాడిన కంప్యూటర్ ర్యాంకింగుల్లో వెస్లీ కోలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త పద్ధతి ఒకటి ఉండేది. నాకు అది ఇష్టం. మొదటి రోజు అందరికీ సగం మార్కు. తర్వాత గెలుపులకు ఒకటి కలిపి, ఆడిన ఆటలకు రెండు కలిపి భాగిస్తాడు. 13–0 జట్టుకు 14/15, అంటే 0.933. 12–1 జట్టుకు 13/15, అంటే 0.867. అక్కడి నుంచి ప్రత్యర్థుల బలం బట్టి సర్దుకుంటూ పోతుంది. అది ఆఖరి మాట అని నేను అనడం లేదు. కానీ అందులో పోయినేడాది పరపతికి చోటు లేదు, ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు.

కమిటీ చెప్పిన కారణం

ఇక్కడ నా పక్షానికి నచ్చని సంగతి రాయాలి. కమిటీ ఎస్‌ఈసీ పేరు చెప్పి ఈ పని చేయలేదు. ఛైర్మన్ బూ కారిగన్ చెప్పిన కారణం ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయం. నవంబరు 18న నార్త్ అలబామాతో ఆటలో అతని కాలికి దెబ్బ తగిలింది. అతని బదులు ఫ్లోరిడాతో ఆటను టేట్ రోడ్‌మేకర్ ఆడి గెలిపించాడు. రోడ్‌మేకర్ తలకు దెబ్బ తగలడంతో ఏసీసీ ఛాంపియన్‌షిప్‌లో మొదటి ఏడాది కుర్రాడు బ్రాక్ గ్లెన్ దిగాడు. 16–6తో లూయివిల్‌ను గెలిచారు. ముఖ్యమైన ఆటగాడు లేకపోవడం ప్లేఆఫ్ ఆటపై ప్రభావం చూపేలా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని నియమాల్లో నిజంగానే ఉంది. ఇంకోటి: అంతకుముందు రోజు వరకు ఒకటో స్థానంలో ఉన్న జార్జియా, 29 వరస గెలుపుల తర్వాత అలబామా చేతిలో 27–24తో ఓడగానే ఆరుకు పడిపోయింది. కమిటీకి ఎస్‌ఈసీ మీద ప్రేమే ఉంటే రెండు జట్లనూ లోపల పెట్టి ఉండేది.

అయితే ఆ గాయం నియమం ముందు ఎలా నడిచింది? 2014 చూడాలి. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జేటీ బారెట్ నవంబరు 29న చీలమండ విరిగి బయటికెళ్లాడు. మొదటి ఆటగాడు బ్రాక్స్‌టన్ మిల్లర్ ఆగస్టులోనే గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. మూడో ఆటగాడు కార్డేల్ జోన్స్ దిగి బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో విస్కాన్సిన్‌ను 59–0తో చితక్కొట్టాడు. కమిటీ ఒహాయో స్టేట్‌ను ఐదు నుంచి నాలుగుకు తెచ్చింది. ఆ రోజు 55–3తో గెలిచిన టీసీయూ మూడు నుంచి ఆరుకు దిగింది. మూడో క్వార్టర్‌బ్యాక్‌తోనే ఒహాయో స్టేట్ టైటిల్ కొట్టింది.

ఒకే నియమం, రెండు ఫలితాలు. తేడా ఎక్కడంటే 59–0కూ 16–6కూ మధ్య. కానీ ఎక్కువ తేడాతో గెలవమని జట్లను ప్రోత్సహించకూడదని కూడా అదే నియమావళి చెబుతుంది. లూయివిల్‌ను ఆరు పాయింట్లకు కట్టిపడేసిన డిఫెన్స్‌కు మార్కు పడలేదు. నా రిపోర్టులో దీన్ని తీవ్రమైన లోపంగా రాశాను. ఏ అంశానికి ఎంత బరువో ముందే రాయకపోతే, ఆ బరువు ప్రతి ఏడాదీ ఆఖరి ఆదివారం పొద్దున నిర్ణయమవుతుంది. అప్పుడే కాన్ఫరెన్స్ పేరు లోపలికి దూరుతుంది. ఇద్దరూ దగ్గరగా ఉన్నప్పుడు, అలబామా 17–3తో సౌత్ ఫ్లోరిడాను కష్టపడి గెలిచిన రోజునూ, ఆబర్న్ మీద నాలుగో డౌన్లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, 31 గజాలు కావాల్సినప్పుడు చివరి నిమిషంలో పడ్డ పాసునూ "ఎలాగైనా గెలిచే జట్టు" అని చదివారు. ఫ్లోరిడా స్టేట్ 16–6ను "బలహీనపడిన జట్టు" అని చదివారు.

టీవీ డబ్బు మాటా చాలామంది అంటారు. ప్లేఆఫ్ ప్రసార హక్కులు ఈఎస్‌పీఎన్‌వి, ఎస్‌ఈసీ నెట్‌వర్క్ కూడా వాళ్లదే. కానీ ఏసీసీ హక్కులూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పైగా 2023 ఎస్‌ఈసీ ఛాంపియన్‌షిప్ వచ్చింది పోటీ ఛానెల్ సీబీఎస్‌లో, ఏసీసీది ఈఎస్‌పీఎన్ సోదర ఛానెల్ ఏబీసీలో. డబ్బు ఏ మనసునూ తాకలేదని చెప్పలేను, తాకిందని చూపించే కాగితం నా దగ్గర లేదు. ఆ అంశాన్ని పక్కన పెట్టాను.

63–3

డిసెంబరు 30న, ప్లేఆఫ్‌కు బయట జరిగిన ఆరెంజ్ బౌల్ అనే ఆటలో, జార్జియా ఫ్లోరిడా స్టేట్‌ను 63–3తో ఓడించింది. బావ ఫోన్ చేసి, "చూశావా, కమిటీ కరెక్టే" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్కోరు చూసి కాదు, ఆ వాదన విని.

బ్యాంకు ఒకరికి అప్పు ఇవ్వలేదనుకోండి. ఆ మనిషి తిరిగి కట్టేవాడో కాదో ఎప్పటికీ తెలియదు. తెలిసేది ఇచ్చినవాళ్ల సంగతే. ఇవ్వనివాళ్లు కట్టేవాళ్లు కాదని ఊహించుకుని, ఆ ఊహనే మోడల్‌కు మళ్లీ నేర్పితే, పాత నిర్ణయం తనకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టవుతుంది. ఆరెంజ్ బౌల్లో ఫ్లోరిడా స్టేట్ తరఫున రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు దిగలేదు. కొందరు ప్రొఫెషనల్ లీగ్ కోసం తప్పుకున్నారు, కొందరు వేరే కాలేజీకి మారారు, కొందరు గాయాలతో ఉన్నారు. ప్లేఆఫ్ ఉంటే వాళ్లలో చాలామంది ఆడేవాళ్లే. ఆ రోజు ఓడిన జట్టు, కమిటీ పక్కన పెట్టిన జట్టు ఒకటి కాదు. జోర్డన్ ట్రావిస్ ఆ రోజుల్లో, తన కాలు సీజన్లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేదని రాశాడు. తను లేకుండా జట్టు ఏం చేయగలదో అందరికీ చూపించే సమయం దొరికేదని అతని బాధ. ఇరవై మూడేళ్ల కుర్రాడు తన కాలు ముందే విరగాలని కోరుకోవాల్సి వచ్చిందంటే, ఆ ఎంపిక పద్ధతిని మళ్లీ చూడాల్సిందే.

2011లో అలబామా గెలిచింది కాబట్టి పిలవడం సరైనదే అన్న మాట కూడా ఇదే పొరపాటు. ఓక్లహామా స్టేట్‌ను పిలిచి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. 2017లో దీనికి అరుదైన తనిఖీ ఒకటి దొరికింది. ఒక్క ఆటా ఓడని, చిన్న కాన్ఫరెన్స్‌కు చెందిన యూసీఎఫ్‌ను కమిటీ పన్నెండో స్థానంలో పెట్టింది. జనవరి 1న యూసీఎఫ్ ఆబర్న్‌ను 34–27తో ఓడించింది. ఆ సీజన్లో ఫైనల్ ఆడిన జార్జియానూ అలబామానూ నవంబరులో ఓడించిన జట్టు ఆ ఆబర్నే.

నేను రాసిన ముగింపు నోటులో రెండు వాక్యాలున్నాయి. 2023 నిర్ణయంలో ఎస్‌ఈసీ పట్ల ఉద్దేశపూర్వక పక్షపాతానికి ఆధారం లేదు. కానీ అంశాల బరువు ముందే రాయని చోట, కాన్ఫరెన్స్ పరపతి జిప్‌కోడ్‌లా పనిచేసేందుకు దారి తెరిచే ఉంది, ఆ ఏడాది బయటి ఆటల ఫలితాలు ఆ పరపతిని సమర్థించలేదు. బావ మొదటి వాక్యం ఒప్పుకున్నాడు. రెండోదాని మీద ఇప్పటికీ పోట్లాట.

తర్వాతి సీజన్లు ఆ పోట్లాటకు మేత వేస్తూనే ఉన్నాయి. 2024లో ప్లేఆఫ్ పన్నెండు జట్లకు పెరిగింది. ఆఖరి చోటు కోసం 11–2 ఎస్‌ఎమ్‌యూ, 9–3 అలబామా పోటీ పడితే కమిటీ ఎస్‌ఎమ్‌యూను తీసుకుంది. ఎస్‌ఎమ్‌యూ ఏసీసీ జట్టు. వాండర్‌బిల్ట్ చేతిలో, ఓక్లహామా చేతిలో ఓడిన అలబామాను పేరు చూసి లోపలికి లాగలేదు. ఆ రోజు నేను బావకు ఫోన్ చేయలేదు. నా నోటు మొదటి వాక్యానికి బలం వచ్చిందని మాత్రం ఫైల్లో రాసుకున్నాను. 2025 ఆగస్టులో కమిటీకి ఇచ్చే లెక్కల్లో "రికార్డ్ స్ట్రెంత్" అనే కొత్త కొలత చేర్చారు. గట్టి జట్టును గెలిస్తే ఎక్కువ మార్కు, గట్టి జట్టు చేతిలో ఓడితే తక్కువ శిక్ష. ఎవరు గట్టి అన్నది ఎక్కడి నుంచి వస్తుందన్నదే నా ప్రశ్న. బయటి ఆటల నుంచి వస్తే సంతోషం.

ఆ నెలాఖరున, ఆగస్టు 30న, టాలహసీలో ఫ్లోరిడా స్టేట్ అలబామాను 31–17తో ఓడించింది. ఫ్లోరిడా స్టేట్ అంతకుముందు ఏడాది రెండే ఆటలు గెలిచిన జట్టు. ఆ సీజన్ చివరికి ఫ్లోరిడా స్టేట్ 5–7తో ముగిసింది. అలబామా ఎస్‌ఈసీ ఛాంపియన్‌షిప్‌లో జార్జియా చేతిలో 28–7తో ఓడి కూడా తొమ్మిదో స్థానంలోనే ఉండి ప్లేఆఫ్‌లోకి వెళ్లింది. బిగ్ 12 ఛాంపియన్‌షిప్‌లో 34–7తో ఓడిన బీవైయూ ఒక స్థానం దిగింది. ఈ రెండు వరుసలనూ కొత్త ఏ4 కాగితం మీద పేర్లు లేకుండా ప్రింట్ తీసి అక్కకు ఇచ్చాను. ఈసారి తను పెన్ను పట్టుకోకముందే, "కాన్ఫరెన్స్ పేర్లు చెప్పకు, ముందు నన్ను చదవనీ" అంది.